మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు, మరి బిడ్డకు ఎలా వస్తుంది?

శ్రావణి_ఉప్పల్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు ఇప్పుడు తొమ్మిదో వారం, తొలి కాన్పు. మాది మేనరికం. మా వారు నా సొంత మేనత్త కొడుకు.

కాలేజీ రోజుల నుంచి నాకు రక్తం తక్కువే. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా హిమోగ్లోబిన్ పదిన్నర దాటదు. ఈసారి 9.8 వచ్చింది. డాక్టరమ్మ రిపోర్టు అంతా చదివి, తిండి గురించి అడగకుండా మా అమ్మానాన్నల గురించి, తాతయ్యల గురించి అడిగారు. తర్వాత ఇంకో పరీక్ష రాశారు. అందులో హెచ్‌బీఏ2 అనే అంకె 5.3 ఉంది, పక్కన 'బీటా థలసీమియా వాహకురాలు' అని ఉంది. మా వారికి కూడా ఇదే పరీక్ష ఈ వారంలోనే చేయించమన్నారు.

ఇంట్లో చెబితే అత్తయ్య తేలిగ్గా తీసుకున్నారు. "మన ఇంట్లో అందరికీ రక్తం తక్కువేనమ్మా. మీ తాతయ్య జీవితమంతా పాలిపోయినట్టే ఉండేవారు, ఎనభై రెండేళ్లు బతికారు. నాకూ ఇద్దరు పిల్లలు పుట్టారు, ఏమైంది?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా వారైతే రోజూ పది కిలోమీటర్లు సైకిలు తొక్కే మనిషి, ఒంట్లో ఏ నలతా లేదు.

పదో తరగతిలో బఠానీల పాఠం చదివాను. 3:1 అని రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ పాఠానికీ నా కడుపులో బిడ్డకూ ఉన్న సంబంధం మాత్రం తెలియడం లేదు. ఇద్దరం తిరుగుతూ, పనులు చేసుకుంటూ ఉంటే మా నుంచి బిడ్డకు జబ్బు ఎలా వెళ్తుంది? కాస్త విడమరిచి చెప్పండి.

బఠానీ_మాస్టారు | సోమవారం, రాత్రి 10:25

అమ్మా శ్రావణీ, ముప్పై ఒక్క ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మల్కాజిగిరిలో ఉంటాను. మీరు అడిగిన ఈ ప్రశ్న కోసమే ఆ పాఠం ఉంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మెండల్ ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో ఒక మఠవాసి. 1856 నుంచి 1863 వరకు సుమారు 28 వేల బఠానీ మొక్కలను పరిశీలించారు. గుండ్రటి గింజల రకాన్ని ముడతల గింజల రకంతో సంకరణం చేస్తే తొలి తరంలో గింజలన్నీ గుండ్రంగానే వచ్చాయి. ముడత ఒక్కటీ లేదు. ఆ గుండ్రటి గింజలను నాటి, వాటి పూలను వాటంతట అవే ఫలదీకరణం చెందనిచ్చారు. ఈసారి 7,324 గింజలు వచ్చాయి. 5,474 గుండ్రం, 1,850 ముడత. మీరు రాసిన 3:1 ఇదే.

ఆ 1,850 గింజల దగ్గర ఆగండి. అవి కాసింది గుండ్రటి గింజ నుంచి వచ్చిన మొక్క మీదే. తల్లిలో కనబడని గుణం బిడ్డలో కనబడింది. అంటే ముడత ఎక్కడికీ పోలేదు, తల్లి మొక్క లోపల చెక్కుచెదరకుండా దాగి ఉంది. ఆ రోజుల్లో చాలామంది తల్లిదండ్రుల గుణాలు పాలూ డికాక్షనూ కలిసినట్టు కలిసిపోతాయని అనుకునేవారు. కాఫీ అయ్యాక మళ్లీ పాలను వేరు చేయలేం కదా. మెండల్ చూపించింది వేరు. గుణాలు పూసల వంటివి. నల్లపూస పక్కన పగడం గుచ్చినా నల్లపూస నల్లపూసే, పగడం పగడమే. దండ తెంపితే రెండూ విడివిడిగా చేతికి వస్తాయి.

ప్రతి గుణానికీ మనలో రెండేసి పూసలు, అంటే జన్యువులు, ఉంటాయి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. మన బిడ్డకు ఆ రెండింటిలో ఒకటే ఇస్తాం. ఏది ఇస్తామో మన చేతిలో లేదు, బొమ్మా బొరుసే. మీలో హిమోగ్లోబిన్‌కు చెందిన ఒక బీటా జన్యువు సరిగా ఉంది, ఒకటి లోపంతో ఉంది. మీ వారిలోనూ అలాగే ఉంటే, మీ ఇద్దరి మంచివీ బిడ్డకు చేరే అవకాశం నాలుగింట ఒకటి. ఒకరిది మంచిది, ఇంకొకరిది లోపంది చేరే అవకాశం నాలుగింట రెండు. అప్పుడు బిడ్డ కూడా మీలాగే వాహకం, అంటే లోపాన్ని మోస్తుంది, జబ్బు ఉండదు. రెండూ లోపంవే చేరే అవకాశం నాలుగింట ఒకటి. థలసీమియా జబ్బు, అంటే ఒంట్లో సరిపడా హిమోగ్లోబిన్ తయారుకాకపోవడం, ఆ చివరి దానిలోనే.

మీ వారికి ఆ లోపం లేకపోతే బిడ్డకు ఆ జబ్బు వచ్చే దారే లేదు. అందుకే ఆయన పరీక్ష అంత ముఖ్యం.

ఇంకో మాట. పైకి కనబడే గుణాన్ని బహిర్గతం, దాగి ఉండేదాన్ని అంతర్గతం అని పాఠంలో చెబుతాం. వినగానే ఒకటి బలమైనది, ఇంకొకటి బలహీనమైనది అనిపిస్తుంది. నేను కూడా చాలా ఏళ్లు అలాగే చెప్పాను, అది సరైన వివరణ కాదు. మెండల్ చూసిన ముడత వెనుక కారణం 1990లో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థలో తేలింది. గింజలో పిండిపదార్థం తయారయ్యేందుకు ఒక ఎంజైము కావాలి. ముడత గింజలో ఆ ఎంజైము తయారుచేసే జన్యువు మధ్యలో ఒక అదనపు డీఎన్ఏ ముక్క దూరి దాన్ని పాడుచేసింది. పిండి తగ్గి చక్కెర మిగిలిపోతుంది, చక్కెర నీటిని పట్టుకుంటుంది, గింజ ఎండేటప్పుడు ఆ నీరు పోయి తోలు ముడుచుకుంటుంది. ఒక్క మంచి జన్యువు ఉన్నా సరిపడా ఎంజైము తయారవుతుంది కాబట్టి గింజ గుండ్రంగా ఉంటుంది. ఇక్కడ ఒక జన్యువు ఇంకొకదాన్ని అణచివేయడం ఏమీ లేదు. ఒక్కటి పనిచేసినా ఇల్లు గడుస్తోంది, అంతే. మీ ఒంట్లో జరుగుతున్నదీ అదే. పనిచేసే ఒక్క జన్యువూ మిమ్మల్ని ఇన్నేళ్లు నడిపించింది.

సూక్ష్మదర్శిని | సోమవారం, రాత్రి 11:10

శ్రావణి గారూ, నేను రక్తపరీక్షల ల్యాబులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మీ మొదటి రిపోర్టులో ఎంసీవీ, ఎర్రకణాల సంఖ్య ఎంతో చెప్పగలరా?

శ్రావణి_ఉప్పల్ | సోమవారం, రాత్రి 11:18

ఎంసీవీ 64. ఎర్రకణాలు 51 లక్షలు.

సూక్ష్మదర్శిని | సోమవారం, రాత్రి 11:42

మీ డాక్టరమ్మ పట్టుకున్నది ఇదే. ఎంసీవీ అంటే ఎర్రకణం సైజు. మామూలుగా 80 పైన ఉండాలి. ఐరన్ తక్కువైనా కణం చిన్నదవుతుంది, కానీ అప్పుడు సాధారణంగా కణాల సంఖ్య కూడా తగ్గుతుంది. మీకు కణాలు చిన్నవి, సంఖ్య మాత్రం నిండుగా ఉంది. 64ను 5.1తో భాగిస్తే పన్నెండున్నర. 13 కంటే తక్కువ వస్తే మేము థలసీమియా వాహకత్వాన్ని అనుమానిస్తాం. ఇది అనుమానం వరకే, తేల్చేది హెచ్‌బీఏ2. అది రక్తంలో ఒక రకం హిమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో చెప్పే అంకె. 3.5 దాటితే వాహకులుగా పరిగణిస్తారు. మీది 5.3.

రక్తాన్ని స్లైడు మీద పలుచగా పూసి, రంగు వేసి చూస్తే ఇది కంటికే కనబడుతుంది. మామూలు ఎర్రకణం నిండుగా ఉంటుంది, నడుమ మాత్రమే కాస్త పలుచన. వాహకుల రక్తంలో కణాలు చిన్నగా, వెలిసిపోయి ఉంటాయి. కొన్నింటికి అంచున ఎర్రటి వలయం, లోపల తెల్లటి వలయం, మళ్లీ సరిగ్గా నడిమధ్య ఒక ఎర్రటి చుక్క, నుదుటన కుంకుమ పెట్టినట్టు. మనిషి ఆరోగ్యంగా ఉన్నా రక్తం ఆ సంగతి దాచదు. మాస్టారు చెప్పిన 'దాగి ఉంది' అన్నది కంటికి సంబంధించిన మాట. మైక్రోస్కోపు కింద అది పూర్తిగా దాగదు.

ఒక జాగ్రత్త. ఒంట్లో ఐరన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు హెచ్‌బీఏ2 అంకె కాస్త తగ్గి కనబడవచ్చు. మీ వారి అంకె హద్దుకు దగ్గరగా వస్తే ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ కూడా చూసి నిర్ణయిస్తారు. మీరు కూడా ఫెరిటిన్ చూపించుకోకుండా ఐరన్ మాత్రలు ఊరికే పెంచుకోవద్దు. మీ కొరత ఐరన్‌ది కాకపోతే ఆ మాత్రల వల్ల మేలు లేదు.

వెంకటరమణ_62 | మంగళవారం, ఉదయం 6:15

ఒక గర్భవతిని ఇంతగా భయపెట్టడం నాకు నచ్చలేదు. మా వంశంలో నాలుగు తరాలుగా మేనరికాలే. మా నాన్నగారు అక్క కూతురిని చేసుకున్నారు. మేము ఆరుగురం పుట్టాం, అందరం నిక్షేపంగా ఉన్నాం. ఆస్తి బయటికి పోకూడదనే కాదు, ఆడపిల్ల తెలిసిన ఇంట్లో సుఖంగా ఉంటుందని పెద్దలు ఆలోచించి పెట్టిన సంబంధాలు ఇవి. ఈ పరీక్షలేవీ లేని రోజుల్లో పిల్లలు పుట్టలేదా?

కల్యాణి_తార్నాక | మంగళవారం, ఉదయం 7:30

పుట్టారు రమణ గారూ. కొందరు రెండేళ్లకూ మూడేళ్లకూ పోయారు కూడా. పేరు తెలియని జ్వరమనో, పాలుగారే బిడ్డకు దిష్టి తగిలిందనో అనుకున్నారు. మా నానమ్మకు తొమ్మిది మంది పుడితే అయిదుగురు దక్కారు. మిగిలిన నలుగురు ఎందుకు పోయారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా పెద్దబాబుకు థలసీమియా మేజర్, అంటే రెండు జన్యువులూ లోపంవే వచ్చిన జబ్బు. ఇప్పుడు పద్నాలుగేళ్లు. మాది మేనరికం కాదు. మా వారి ఊరు వేరే జిల్లా, పెళ్లికి ముందు ఏ చుట్టరికమూ లేదు. బాబు పుట్టినప్పుడు మూడు కిలోలు, చక్కగా ఉన్నాడు. ఏడో నెల నుంచి పాలు తాగడం తగ్గించాడు, అరచేతులు తెల్లబడ్డాయి. పుట్టగానే ఎందుకు తెలియదని తర్వాత ఒక డాక్టరుగారిని అడిగాను. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుందట. దానికి బీటా జన్యువుతో పని లేదు. పుట్టిన కొన్ని నెలలకు అది తగ్గి, పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ దాని స్థానంలోకి రావాలి. మా బాబుకు రావలసినది రాలేదు.

ఇప్పుడు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. శివరాంపల్లిలోని థలసీమియా, సికిల్ సెల్ సొసైటీకి వెళ్తాం. 1998 నుంచి ఇలాంటి పిల్లల కోసం పనిచేస్తున్న సంస్థ అది. ఎక్కించిన రక్తంతో పాటు ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది, గుండెకూ కాలేయానికీ ప్రమాదం, దాన్ని బయటికి పంపడానికి రోజూ మందు. వాడు క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో తేదీలు తనే గుర్తు పెట్టుకుంటాడు. సూది గుచ్చేటప్పుడు చేయి కదల్చడు. చిన్నప్పుడు నేను పట్టుకోవలసి వచ్చేది.

మాలాంటి వాళ్లు చేసే పొరపాటు ఒకటి శ్రావణికి చెప్పాలి. నాలుగింట ఒకటి అనగానే, ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి ఇక తర్వాత ముగ్గురికీ రాదని మేము అనుకున్నాం. మా చుట్టాలు కూడా అదే ధైర్యం చెప్పారు. అది తప్పు. ప్రతి కాన్పుకూ మళ్లీ మొదటి నుంచి అదే నాలుగింట ఒకటి. ముందు పుట్టిన బిడ్డ తర్వాతి బిడ్డ వాటా తీసుకోడు. ఇది రెండోసారి గర్భం వచ్చినప్పుడు డాక్టరు కాగితం మీద గీసి చూపించేదాకా నాకు అర్థం కాలేదు. అప్పుడు పదకొండో వారంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. పాప మాలాగే వాహకురాలు, జబ్బు లేదు. ఇప్పుడు నాలుగో తరగతి చదువుతోంది.

చార్మినార్_నీడ | మంగళవారం, ఉదయం 9:05

కల్యాణి అక్కా, మీ బాబుకు నా ఆశీస్సులు. మా వైపు చిన్నాన్న పిల్లలతో కూడా సంబంధాలు చేసుకుంటాం. మా ఇంట్లో కోడళ్లను 'నీ వల్లే' అనడం చాలా చూశాను. బిడ్డకు జబ్బు వస్తే కోడలిది తప్పు, ఆడపిల్ల పుడితే కోడలిది తప్పు. నిజానికి ఇలాంటి జబ్బులో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే కదా ఇబ్బంది. ఆడపిల్లా మగపిల్లవాడా అన్నది తండ్రి ఇచ్చే ఎక్స్, వై క్రోమోజోముల మీద ఉంటుంది. తల్లి దగ్గర ఇవ్వడానికి ఎక్స్ ఒక్కటే ఉంది. ఈ రెండు మాటలు మా అత్తగారికి చెప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

బఠానీ_మాస్టారు | మంగళవారం, ఉదయం 10:40

రమణ గారూ, మీ ఆరుగురూ ఆరోగ్యంగా ఉండటం నిజం, అది సంతోషం. మేనరికం చేసుకున్నవారి పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. మామూలు దంపతులకు పుట్టే పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లిళ్లలో దాని మీద ఇంకో రెండో మూడో కలుస్తాయి. ఒక ఇంటిని చూస్తే ఆ తేడా కనబడదు. ఊరంతా చూస్తేనే కనబడుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. మేనబావ మరదళ్లకు ఇద్దరు ఉమ్మడి పెద్దలు ఉంటారు, తాత, అమ్మమ్మ లేదా నానమ్మ. ఆ ఇద్దరిలో ఒకరి జన్యువు ఒకటి రెండు దారుల్లో దిగి వచ్చి, మనవల పెళ్లిలో మళ్లీ కలుసుకుంటుంది. పుట్టే బిడ్డలో ఏదైనా ఒక జన్యువు జంటగా ఒకే పెద్దమనిషి నుంచి వచ్చి ఉండే అవకాశం పదహారింట ఒకటి. అక్క కూతురిని చేసుకుంటే ఎనిమిదింట ఒకటి, అంటే రెట్టింపు. మన తెలుగు నేల మీద ఈ విషయాన్ని అరవయ్యేళ్ల కిందటే పరిశోధించారు. జన్యుశాస్త్రంలో దిగ్గజం హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఆంధ్ర ప్రాంతపు మేనరికాల మీద అధ్యయనం చేశారు.

ఇక శ్రావణి విషయం. లోపం మీకు అమ్మ వైపు నుంచి వచ్చిందో నాన్న వైపు నుంచి వచ్చిందో తెలియనప్పుడు, అదే లోపం మీ వారిలో ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. కానీ మీరు మొదటి సందేశంలోనే ఒక ఆధారం ఇచ్చారు. మీ తాతయ్య పాలిపోయి ఉండేవారు, మీ అత్తయ్యకు ఎప్పుడూ రక్తం తక్కువ. ఆమె తన ఇంటి ఆరోగ్యానికి రుజువుగా చెప్పిన మాటే మనకు దారి చూపిస్తోంది. తాతయ్య వాహకులై, ఆ పూస మీ నాన్నగారికీ అత్తయ్యకూ వచ్చి ఉంటే, మీ వారికి వచ్చే అవకాశం రెండింట ఒకటి అవుతుంది. వీలైతే అత్తయ్యకు కూడా పరీక్ష చేయించండి. ఆమె తప్పు పట్టడానికి కాదని ముందే చెప్పండి.

రైతుబిడ్డ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, నేను జనగామ వైపు వాణ్ణి, ఉద్యోగం కోసం నగరానికి వచ్చాను. మీరు చెప్పింది మా నాన్న పొలంలో కళ్లారా చూశాను, కారణం ఇవాళ తెలిసింది. ఒక ఏడాది కంపెనీ హైబ్రిడ్ మొక్కజొన్న వేశాం. చేను అంతా ఒకే ఎత్తు, కంకులన్నీ ఒకే తీరు. విత్తనం డబ్బు మిగులుతుందని మా నాన్న మంచి కంకులు ఏరి దాచి, మరుసటి ఏడు అవే వేశారు. ఒక మొక్క నడుం దాకా, పక్కది తల మీద దాకా. కొన్నిటికి కంకి సగమే నిండింది. నాన్న తన చేతి విత్తనాన్నే తిట్టుకున్నారు. ఇప్పుడు తెలుస్తోంది, ఆ తొలి ఏడు మొక్కలన్నిటిలోనూ జంటలు ఒకే తీరుగా కలిసి ఉన్నాయి, మరుసటి తరంలో విడిపోయాయి. మరి సాంబ మసూరి వరికి ఇంటి విత్తనం వాడినా ఎందుకు మారదు?

బఠానీ_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 3:50

చాలా మంచి ప్రశ్న. వరి పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే ఫలదీకరణం చెందుతుంది. తరతరాలుగా అలా జరిగి, ఎంపిక చేసిన రకంలో జంటలోని రెండు పూసలూ ఒకే రంగువి అయిపోయాయి. విడిపోవడానికి వేరే రంగు లేదు. అందుకే 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి ఇంకా అదే సాంబ మసూరి.

ఆ వరి కథ శ్రావణి ప్రశ్నకు చాలా దగ్గరది. సాంబ మసూరికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు బెడద. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను దానిలోకి తెచ్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఆ మూడింటిలో రెండు అంతర్గత జన్యువులు. అంటే జంటగా ఉంటేనే పనిచేస్తాయి, ఒక్కటే ఉన్న మొక్క ఆ రెండింటి వల్ల తెగులును తట్టుకోలేదు. చూపుకు పనికిరానిదిలా కనబడే ఆ మొక్కలోనే కావలసిన జన్యువు ఉండవచ్చు. కంటితో ఏరితే దాన్ని పీకి పారేస్తాం. అందుకని ఆకు ముక్క తీసుకుని డీఎన్ఏ గుర్తులు చూసి మొక్కలను ఎంచుకున్నారు. పైకి కనబడని వాహకాన్ని పరీక్షతో గుర్తించడం అక్కడా అదే, ఇక్కడా అదే. పొలంలో మంచి గుణం కోసం, మన ఇంట్లో జబ్బును తప్పించడం కోసం.

బంగినపల్లి టెంక నాటి, అదే పండు కోసం ఎదురుచూసేవారికీ ఇదే సమాధానం. మామిడిలో జంటలు కలగలుపుగా ఉంటాయి, పైగా పుప్పొడి పక్క చెట్టుది కావచ్చు. టెంక నుంచి వచ్చేది బంగినపల్లి బిడ్డ, బంగినపల్లి కాదు. అదే చెట్టు కావాలంటే అంటు కట్టాలి.

దిల్‌సుఖ్‌నగర్_అనిత | మంగళవారం, సాయంత్రం 6:30

మరి రంగు, ఎత్తు? మా వారు తెలుపు, నేను చామనచాయ, పిల్లలిద్దరూ మధ్యలో ఉన్నారు. ఇది కాఫీ కలిసినట్టే ఉంది కదా మాస్టారూ? ఇంకొకటి, మా తమ్ముడికి ఎరుపు, ఆకుపచ్చ రంగులకు తేడా తెలియదు. రైలు నడిపే ఉద్యోగానికి చుక్కల బొమ్మల పరీక్షలో ఆగిపోయాడు. మా అమ్మ వాళ్ల నాన్నకు కూడా ఇలాగే ఉండేదట. మధ్యలో అమ్మకు మాత్రం లేదు.

బఠానీ_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 7:15

రంగుకూ ఎత్తుకూ ఒక్క జన్యువు కాదు, చాలా జన్యువులు తలా కొంచెం చేయి వేస్తాయి. ఎత్తు విషయంలో తిండి కూడా కలుస్తుంది. అంత చిన్న చిన్న పూసలు అన్ని గుచ్చితే దూరం నుంచి కలిసిపోయినట్టే కనబడుతుంది. దగ్గరికి వెళ్తే పూస పూసే.

మీ తమ్ముడిది వేరే దారి. ఆ లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. మగవారికి ఎక్స్ ఒక్కటే కాబట్టి అది లోపంతో వస్తే ఆదుకునే రెండోది లేదు. మీ అమ్మగారికి తండ్రి నుంచి ఆ ఎక్స్ తప్పకుండా వచ్చింది, కానీ రెండో ఎక్స్ కాపాడింది. తాత పోలిక మనవడికి వచ్చిందని మన పెద్దలు అనేది ఇలాంటి చోట అక్షరాలా నిజం. అనిత గారూ, మీకు కూడా ఆ ఎక్స్ వచ్చి ఉండే అవకాశం సగం. మీ కొడుకు ఉంటే బడిలో వేసేటప్పుడే కంటి డాక్టరుకు చూపించండి. పెద్దయ్యాక ఇష్టపడిన ఉద్యోగం దగ్గర తెలియడం కంటే ఇప్పుడు తెలియడం నయం.

శ్రావణి_ఉప్పల్ | శుక్రవారం, రాత్రి 8:20

రిపోర్టులు వచ్చాయి. మా వారి హెచ్‌బీఏ2 2.6, ఎంసీవీ 88, ఫెరిటిన్ కూడా బాగుంది. ఆయన వాహకుడు కాదని డాక్టరమ్మ చెప్పారు. బిడ్డకు మేజర్ వచ్చే భయం లేదు, నాలాగా వాహకం అయ్యే అవకాశం మాత్రం సగం. గది బయటికి వచ్చాక ఇద్దరం మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాం.

అత్తయ్య కూడా పరీక్షకు వచ్చారు. మాస్టారు చెప్పినట్టు, 'మీ తప్పు అని కాదు అత్తయ్యా, బిడ్డ కోసం' అని చెబితే ఒప్పుకున్నారు. ఆమె అంకె 5.4. చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ముప్పై ఏళ్లుగా మింగిన ఆ మాత్రలన్నీ దేనికమ్మా మరి?" అన్నారు. పెళ్లయిన కొత్తలో ఆమె సరిగా తినదని, అందుకే రక్తం పట్టదని అత్తగారింట్లో మాటలు పడ్డారట. ఆ సంగతి మాకెవరికీ ఇంతవరకూ చెప్పలేదు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. మాది కుండమార్పిడి. మాఘంలో మా తమ్ముడికీ మా ఆడపడుచుకూ పెళ్లి నిశ్చయమైంది. నాకు రాత్రి నుంచి నిద్ర లేదు.

సూక్ష్మదర్శిని | శుక్రవారం, రాత్రి 8:55

శ్రావణి గారూ, మీ శుభవార్త చదివి ఇక్కడ మా ఇంట్లో అందరికీ చెప్పాను.

మీ అత్తయ్య వాహకురాలని తేలింది కాబట్టి లోపం మీ తాతయ్య, నానమ్మల వైపు నుంచి మీ నాన్నగారి ద్వారా మీకు వచ్చిందనుకోవడం సమంజసం. అప్పుడు మీ తమ్ముడికి రెండింట ఒకటి, మీ ఆడపడుచుకు రెండింట ఒకటి. ఇద్దరికీ ఉండే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరికీ రేపే చేయించండి. మాఘం దాకా చాలా సమయం ఉంది, శుభలేఖలు వేయించక ముందే తెలుస్తుంది. ఇద్దరిలో ఒకరికే ఉంటే పెళ్లికి ఏ అడ్డూ లేదు. ఇద్దరికీ ఉన్నా నిర్ణయం వాళ్లది. కల్యాణి గారు చేయించుకున్న పరీక్ష ఉంది, ముందే తెలిసి ఉంటే దానికి సిద్ధంగా ఉంటారు.

మేనరికం కాని వాళ్లు కూడా ఇది తమకు పట్టని విషయం అనుకోవద్దు. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఈ లోపానికి వాహకులని అంచనా. పైగా మనం తరతరాలుగా కులంలోనే పెళ్లిళ్లు చేసుకుంటాం. చుట్టరికం లేదనుకున్న ఇద్దరికీ పాత తరాల్లో ఎక్కడో ఒకే పెద్దమనిషి ఉంటాడు. సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతర దేశాల వారితో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో ఈ ప్రభావం చాలా బలంగా కనిపించింది. అందులో చెప్పిన ఉదాహరణ మా వృత్తిలో వాళ్లకు పాత పరిచయమే. మన రాష్ట్రాల వైశ్యుల్లో కొందరికి, ఆపరేషన్ అప్పుడు మత్తుతో పాటు ఇచ్చే, కండరాలను సడలించే ఒక మందు ఒంట్లో త్వరగా కరగదు, కండరాలు చాలాసేపు కదలకుండా పడిపోయి ఉంటాయి. మత్తు డాక్టర్లు అందుకే ముందుగా అడుగుతారు. అది ఎవరికీ చిన్నతనం కాదు. అడిగితే ప్రాణం నిలుస్తుంది.

వెంకటరమణ_62 | శనివారం, ఉదయం 6:05

శ్రావణి తల్లీ, చల్లగా ఉండు. మంగళవారం నేను రాసిన మాట తొందరపాటుది. కల్యాణి గారి సందేశం చదివాక మా అక్కయ్యకు ఫోను చేశాను. నేను ఆరుగురం అని రాశాను కదా. నా కంటే ముందు ఇద్దరు పుట్టి, ఏడాది నిండకుండానే పోయారట. వాళ్ల పేర్లు కూడా అక్కయ్యకు గుర్తున్నాయి. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు.

మా మనవరాలికి సంబంధాలు చూస్తున్నాం. పిల్లకు పెళ్లికి ముందే ఈ పరీక్ష చేయించాలంటే ఏమని అడగాలి? ఉపవాసం ఉండాలా?

సూక్ష్మదర్శిని | శనివారం, ఉదయం 7:40

ఉపవాసం అవసరం లేదండీ. పూర్తి రక్తపరీక్ష, హిమోగ్లోబిన్ రకాలను వేరు చేసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అని చెబితే చాలు. చేతి నుంచి కొద్దిగా రక్తం తీసుకుంటారు. ఈమధ్య ఎప్పుడైనా రక్తం ఎక్కించుకుని ఉంటే మాత్రం ముందే చెప్పండి, అంకెలు మారిపోతాయి. జీవితంలో ఒకసారి సరిగా చేయించుకుంటే సరిపోతుంది, ఆ కాగితం పెళ్లి పత్రికతో పాటు దాచుకోమనండి.

శ్రావణి_ఉప్పల్ | బుధవారం, సాయంత్రం 5:30

తమ్ముడికి 5.1, వాహకుడు. ఆడపడుచుకు 2.8, కాదు. పెళ్లి మాఘంలోనే.

అత్తయ్య ఒక పాత లెక్కల పుస్తకం వెనుక పేజీల్లో తాతయ్య, నానమ్మల నుంచి మొదలుపెట్టి అందరి పేర్లూ రాశారు. అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు, మొత్తం ముప్పై నాలుగు మంది. పరీక్ష అయినవారి పేరు పక్కన చిన్న చుక్క పెడుతున్నారు. రోజూ భోజనాలయ్యాక ఇద్దరు ముగ్గురికి ఫోను చేస్తున్నారు. నిన్న వరంగల్‌లో మా చిన్న పెదనాన్న కొడుకు ఒప్పుకోకపోతే, నా రిపోర్టు కాదు, తన రిపోర్టే చదివి వినిపించారు.